లెస్టర్‌లో ఒక సత్రం

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రెండేళ్ల కిందట ఒక వాదన మొదలైంది. 1975లో మన స్కూలు ప్రారంభమైన పాత సత్రంలో స్తంభాలెన్ని? పన్నెండని ఒకడు, పదహారని ఇంకొకడు. పద్నాలుగే, నేను గోడకుర్చీ వేసిన చోటు నుంచి రోజూ లెక్కపెట్టేవాణ్ని అని మరొకడు. వారం రోజులు నడిచింది. చివరికి అందరూ కలిసి నామీద పడ్డారు. "ఒరేయ్, సివిల్ ఇంజనీరువి నువ్వున్నావుగా, చెప్పు" అన్నారు. నేను జవాబివ్వలేదు. మాట మార్చి, తర్వాత ఫోన్ చేస్తానని తప్పుకున్నాను. ఎందుకు తప్పుకున్నానో ఈ వ్యాసం చివర చెబుతాను. దానికి ముందు ఇంకో సత్రం కథ చెప్పాలి. అది ఇంగ్లండులో ఉండేది. 1836లో కూల్చేశారు. అయినా అందులో ఏ దూలం ఎంత మందమో ఇవాళ కూడా చెప్పవచ్చు.

రాజుగారి బస

2019లో మా అమ్మాయి పట్టా పుచ్చుకునే రోజున నేనూ మా ఆవిడా లెస్టర్ వెళ్లాం. ఇంగ్లండు నడిబొడ్డున ఉన్న నగరం అది. ఒకప్పుడు మేజోళ్లు, అల్లిక బట్టల పరిశ్రమకు పేరు పొందింది. 1972లో ఉగాండా నుంచి వెళ్లగొట్టబడిన భారతీయ కుటుంబాలు వేలాదిగా వచ్చి స్థిరపడింది ఇక్కడే. బెల్‌గ్రేవ్ రోడ్డులో నడుస్తుంటే పరాయి దేశంలో ఉన్నట్టే అనిపించదు. మా అమ్మాయికి మాత్రం నాకు చూపించాలనుకున్నది వేరే ఉంది. "నాన్నా, నీకు పాత కట్టడాలంటే ఇష్టం కదా" అంటూ హైక్రాస్ స్ట్రీట్‌కు తీసుకెళ్లి ఒక ట్రావెలాడ్జ్ హోటల్ ముందు నిలబెట్టింది. చూడటానికి మామూలు కట్టడం. "ఇక్కడే బ్లూ బోర్ ఉండేది" అంది.

బ్లూ బోర్ అంటే నీలిరంగు అడవిపంది. అది సత్రం పేరు. ఆ రోజుల్లో చదువు రానివాళ్లే ఎక్కువ కాబట్టి సత్రాలకు, దుకాణాలకు బొమ్మల పలకలు వేలాడదీసేవారు. బొమ్మ ఏదైతే పేరూ అదే. ఇప్పుడు హైక్రాస్ స్ట్రీట్ అంటున్న వీధి మధ్యయుగంలో ఊరి ప్రధాన వీధి, అప్పటి పేరు హై స్ట్రీట్. 15వ శతాబ్దం మధ్యలో ఆ వీధిలో కలపతో కట్టిన పెద్ద సత్రం ఇది. మన సత్రాల్లా పుణ్యానికి పెట్టినది కాదు, డబ్బిచ్చి దిగేది. గుర్రాలకు సాల, మనుషులకు భోజనం, మేడమీద పడకగదులు ఉండేవి.

1485 ఆగస్టులో మూడవ రిచర్డ్ రాజు నాటింగ్‌హామ్ నుంచి సైన్యంతో లెస్టర్‌కు వచ్చాడు. సింహాసనం తనదంటూ హెన్రీ ట్యూడర్ వేల్స్ మీదుగా దండెత్తి వస్తున్నాడు. రిచర్డ్ వయసు 32. గద్దెనెక్కి రెండేళ్లయింది. ఆగస్టు 21న లెస్టర్ విడిచాడు. 22న నగరానికి పడమరగా ఉన్న బాస్‌వర్త్ పొలాల్లో యుద్ధం జరిగింది. రిచర్డ్ పోరాడుతూనే చనిపోయాడు. యుద్ధభూమిలో ప్రాణం విడిచిన చివరి ఇంగ్లండు రాజు అతనే. ఆ రోజుతో ప్లాంటాజెనెట్ వంశపాలన ముగిసి ట్యూడర్ల పాలన మొదలైంది.

యుద్ధానికి వెళ్లేముందు రాజు బస చేసింది ఈ సత్రంలోనేనని లెస్టర్ జనం తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఊళ్లో కోట ఉండగా రాజు సత్రంలో దిగడమేమిటన్న అనుమానం నాకూ వచ్చింది. కోట అప్పటికి పాడుబడుతోందని, సత్రం మాత్రం కట్టి ముప్పై ఏళ్లే కాబట్టి ఊళ్లో అంతకంటే మంచి బస లేదని చెబుతారు. సమాధానం నమ్మదగినదే. కానీ ఇదంతా తర్వాతి తరాలు చెప్పిన మాట, ఆ ఆగస్టు నెలలో ఎవరో రాసి పెట్టిన లెక్క కాదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

సత్రం చుట్టూ కథలు

రాజు పేరు తగిలాక కథలకు కొదవేముంది? మొదటిది రంగు కథ. రిచర్డ్ సొంత చిహ్నం తెల్ల అడవిపంది. సత్రం అసలు పేరు కూడా వైట్ బోర్ అంటారు. రాజు ఓడిపోయాడన్న కబురు రాగానే సత్రం యజమాని గుండె గుభేలుమందట. గెలిచినవాళ్లు వచ్చి ఆ బొమ్మ చూస్తే ఇంకేమన్నా ఉందా? రాత్రికి రాత్రి తెల్లపందికి నీలిరంగు పూయించాడట. ఎందుకంటే హెన్రీ పక్షాన సైన్యం నడిపిన ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ చిహ్నం నీలి అడవిపంది. ఎన్నికల ఫలితాలు వచ్చిన సాయంత్రానికే కండువా మారడం మనకు కొత్తేమీ కాదు కాబట్టి ఈ కథ నాకు వెంటనే అర్థమైంది.

రెండోది మంచం కథ. రాజు తన మంచం తనవెంట తెచ్చుకున్నాడని, యుద్ధానికి పోతూ దాన్ని సత్రంలోనే వదిలాడని, వందేళ్లు గడిచాక దాని అడుగున దాచిన బంగారు నాణేలు బయటపడ్డాయని చెబుతారు. ఆ డబ్బుతో సత్రం వాళ్లు సంపన్నులయ్యారట. ఇందులో కల్పన ఎంతైనా, ఆ తర్వాతి భాగం మాత్రం ఊరి రికార్డుల్లోకెక్కిన నేరం. 1605లో సత్రం నడుపుతున్న వితంతువును డబ్బు కోసం హత్య చేశారు. హంతకుణ్ని ఉరితీశారు. సాయం చేసిన పనిమనిషిని సజీవదహనం చేశారు. యజమానిని చంపే కుట్రలో పాలుపంచుకున్న ఆడదానికి అప్పటి చట్టం విధించిన శిక్ష అదే. రాజుగారి మంచం అని పేరుపడ్డ ఒక మంచాన్ని లెస్టర్‌షైర్‌లోనే డానింగ్టన్ లె హీత్ అనే చోట పాత భవంతిలో ఇప్పటికీ చూపిస్తారు. పనితనం చూస్తే అది రాజు చనిపోయాక చాలా కాలానికి తయారైనది.

మూడోది వంతెన కథ. రాజు ఊరు దాటుతున్నప్పుడు గుర్రం మీదున్న అతని మడమ బో బ్రిడ్జ్ రాతికి తగిలిందట. అది చూసిన ఒక ముసలమ్మ, ఇవాళ మడమ తగిలిన చోటే రేపు తల తగులుతుందని జోస్యం చెప్పిందట. మర్నాడు శవాన్ని గుర్రానికి అడ్డంగా వేసి తెస్తుంటే అలాగే జరిగిందట. ఆ పాత వంతెన కూడా ఇప్పుడు లేదు. 1863లో దాని చోట ఇనుప వంతెన కట్టారు.

1836

కథలెన్ని ఉన్నా కట్టడాన్ని అవి కాపాడలేకపోయాయి. 1801లో లెస్టర్ జనాభా 17 వేలు. 1831 నాటికి 40 వేలకు చేరువైంది. మగ్గాలు, మేజోళ్ల యంత్రాలు, వాటి చుట్టూ ఇరుకు ఇళ్లు వెలిశాయి. 1832లో రాబర్ట్ స్టీఫెన్‌సన్ ఇంజనీరుగా లెస్టర్-స్వానింగ్టన్ రైలుమార్గం మొదలైంది. గుర్రపు బండ్ల కాలం ముగియబోతోందని ఊరికి అర్థమవుతూ ఉంది. గుర్రాల సాలలున్న సత్రాలకు గిరాకీ తగ్గే రోజులవి.

1836 జనవరిలో లెస్టర్‌లో కొత్త పురపాలక సంఘం గద్దెనెక్కింది. పాత సంఘం అవినీతి మీద జనానికి ఎంత కోపం ఉందంటే, తరతరాలుగా వస్తున్న వెండి సామాను, రాజదండంతో సహా వేలం వేసేశారు. పాతదంటేనే విసుగు పుట్టిన సంవత్సరం అది. ఆ ఏడు మార్చిలోనే బ్లూ బోర్‌ను కూల్చి ఆ స్థలంలో కొత్త కట్టడం లేపారు. కూల్చినవాళ్లను తిట్టాలని నాకు లేదు. దాదాపు నాలుగు వందల ఏళ్ల కలప కట్టడం. అడుగున చెమ్మ, పైన కారే కప్పు. దాన్ని నిలబెట్టే ఖర్చులో రెండు కొత్త ఇళ్లు లేస్తాయని అనుకుని ఉంటారు. ఇలాంటి లెక్కలు నేనూ ముప్పై ఏళ్లుగా వేస్తున్నవాణ్నే.

అయితే కూలేలోపు ఇద్దరు మనుషులు ఆ సత్రం దగ్గరికి వెళ్లారు.

ఒకరు జాన్ ఫ్లవర్ అనే చిత్రకారుడు. లెస్టర్ పాత కట్టడాల బొమ్మలను 1826లో పుస్తకంగా అచ్చు వేశాడు. వీధివైపు నుంచి సత్రం ఎలా కనిపించేదో, మేడ ముందుకు ఎలా పొడుచుకొచ్చి ఉండేదో మనకు తెలిసింది ఆయన చేతి చలవే. రెండో మనిషి హెన్రీ గొడార్డ్ అనే భవన శిల్పి. ఆయన బొమ్మ గీసి ఊరుకోలేదు, కట్టడాన్ని కొలిచాడు. ఆ నోటు పుస్తకం కుటుంబంలోనే ఉండిపోయింది. గొడార్డులది కొన్ని తరాల భవన శిల్పుల ఇల్లు. మన పిల్లలు లెస్టర్ నడిబొడ్డున ఫోటోలు దిగే క్లాక్ టవర్ (1868) నమూనా హెన్రీ కొడుకు జోసెఫ్ గొడార్డ్‌ది.

నోటు పుస్తకంలోని అంకెలు

ఆ పుస్తకాన్ని చూసి లోకానికి చెప్పినవాడు లెస్టర్ విశ్వవిద్యాలయ పురావస్తు శాస్త్రజ్ఞుడు రిచర్డ్ బక్లీ. గొడార్డ్ గీతలు, ముఖ్యమైన దూలాలకూ స్తంభాలకూ ఆయన వేసిన కొలతలు ఆధారంగా సత్రాన్ని మొదట కంప్యూటరులో, ఆ తర్వాత చిన్న నమూనాగా తిరిగి నిలబెట్టారు. 2013లో అది బయటికొచ్చింది. 177 ఏళ్ల తర్వాత బ్లూ బోర్ మళ్లీ లేచింది.

కొన్ని అంకెలతో అంత కట్టడాన్ని ఎలా లేపారని మీకు సందేహం రావచ్చు. నా వృత్తి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆ కాలపు ఇంగ్లండు కట్టడాల్లో బరువు మోసేది గోడ కాదు, ఓక్ కలప చట్రం. స్తంభాలు, దూలాలు, వాసాలు కలిసి ఒక పంజరంలా నిలబడతాయి. మధ్య ఖాళీల్లో తడిక అల్లి, దానిమీద గడ్డి కలిపిన మట్టి మెత్తుతారు. మన పల్లెల్లో తడికె గోడకు మట్టి పూయడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఇనుప మేకుల పని తక్కువ. ఒక కర్ర కొసను నాలుకలా చెక్కి, ఇంకో కర్రలో తొలిచిన రంధ్రంలోకి దింపి, అడ్డంగా చెక్కమేకు బిగిస్తారు. పచ్చి కలపతో పని చేస్తారు కాబట్టి ఆరేకొద్దీ ఆ అతుకు ఇంకా బిగుసుకుంటుంది. వడ్రంగులు చట్రాన్ని ముందు తమ ఆవరణలోనే పేర్చి చూసుకుని, ఏ కర్ర దేనికి అతకాలో తెలిసేలా ఉలితో గుర్తులు చెక్కి, విప్పి, బండ్లమీద తెచ్చి నిలబెడతారు.

ఇలాంటి కట్టడానికి ఒక క్రమం ఉంటుంది. చట్రాల మధ్య దూరం, ముఖ్య దూలం మందం, స్తంభం ఎత్తు తెలిస్తే మిగతాది చాలావరకు లెక్కలోంచి వస్తుంది. వాడకుండా ఖాళీగా ఉన్న రంధ్రం కనిపిస్తే, అక్కడ ఒకప్పుడు గోడో తలుపో ఉండి తర్వాత తీసేశారని అర్థం. ఫ్లవర్ బొమ్మలో అందం ఉంది. కానీ బొమ్మ చూసి దూలం మందం ఎవరూ చెప్పలేరు. గొడార్డ్ అడుగుల్లో, అంగుళాల్లో రాసుకున్న అంకెలు చెప్పాయి. రంగు కథ, మంచం కథ, ముసలమ్మ జోస్యం, ఇవన్నీ కలిసి సత్రం పేరును కాపాడాయి. సత్రాన్ని కాపాడింది మాత్రం ఆ టేపు పట్టుకున్న చెయ్యి.

రాజు విషయంలోనూ ఇలాగే జరిగింది. అతని ఎముకలను సోర్ నదిలో పారేశారని వందల ఏళ్లు చెప్పుకున్నారు. 1856లో బో బ్రిడ్జ్ దగ్గర శిలాఫలకం కూడా పెట్టారు. రాజును పాతిపెట్టింది గ్రే ఫ్రయర్స్ అనే సన్యాసుల మఠంలోనని పాత రాతలు చెబుతున్నా ఆ మఠమే నేలమట్టమైంది. 2012లో పాత పటాలను కొత్త పటాలతో సరిపోల్చి, చోటు గుర్తించి, కార్ పార్కింగు స్థలాన్ని తవ్వారు. అస్థిపంజరం దొరికింది. డీఎన్ఏ పరీక్షలు అయ్యాక 2013 ఫిబ్రవరి 4న అది మూడవ రిచర్డ్‌దేనని ప్రకటించారు. 2015 మార్చి 26న లెస్టర్ కెథడ్రల్‌లో రాజుకు తగిన మర్యాదతో సమాధి చేశారు. ఆ తవ్వకానికి నాయకత్వం వహించింది కూడా బక్లీయే. సత్రం ఉన్న చోటు నుంచి ఆ సమాధి దగ్గరికి పది నిమిషాల నడక కూడా లేదు. మేము నడిచే వెళ్లాం.

దారిలోనే గిల్డ్‌హాల్ ఉంది. దాని పెద్ద హాలు 1390 ప్రాంతంలో కలపతో కట్టినది, అంటే బ్లూ బోర్ కంటే పాతది. దాన్ని కూడా తీసేద్దామన్నారు. స్థానిక చరిత్ర సంఘం వాళ్లు పట్టుబట్టడంతో 1920లలో బాగుచేసి 1926లో మ్యూజియంగా తెరిచారు. లోపలికి వెళ్లి ఒక స్తంభం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. "ఏంటి నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. "మన ఊళ్లో ఒక సత్రం ఉండేదిలే" అన్నాను.

మన సత్రం

ఇక నా సంగతి. మన సత్రం తీసేసి అదనపు గదులు కట్టాలని 2009లో అనుకున్నప్పుడు, కట్టడం పరిస్థితి చూసి చెప్పమని కమిటీ పెద్దలు నన్నే పిలిచారు. ఒక ఆదివారం వచ్చాను. 1981లో ఆరో తరగతి చదివిన వసారాలోనే నిలబడి దూలాల కొసల్లో స్క్రూడ్రైవర్ గుచ్చి చూశాను. పిండిలా రాలింది. చెదలు. మండువా వైపు వాసాలు కుంగాయి. పిల్లలు తిరిగే చోటు. "ఈ కట్టడం వాడకానికి పనికిరాదు, తొలగించవచ్చు" అని ఒక పేజీలో రాసి సంతకం పెట్టాను. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోను. రేపు అలాంటి కట్టడం చూపించినా అదే రాస్తాను.

నా తప్పు వేరే ఉంది. ఆ రోజు కారు డిక్కీలో 30 మీటర్ల టేపు ఉంది. నోటు పుస్తకం ఉంది. జేబులో పెన్సిల్ ఉంది. మధ్యాహ్నం వరకూ కూర్చుంటే మొత్తం కొలతలు అయిపోయేవి. రెండు రోజులిస్తే తలుపు చెక్కడాలతో సహా గీసేవాణ్ని. కొలవాలన్న ఆలోచనే రాలేదు. సాయంత్రం బస్సు అందుకోవాల్సిన మా చెల్లెల్ని స్టాండు దగ్గర దింపాలన్న తొందర మాత్రం గుర్తుంది. కూల్చాక టేకు స్తంభాలు వేలంలో పోయాయి. ఎవరు కొన్నారో, ఇప్పుడెక్కడున్నాయో చెప్పేవాళ్లు లేరు. స్తంభాలు పన్నెండా, పద్నాలుగా, పదహారా అని మిత్రులు అడిగితే, చివరిసారి వాటి మధ్య నిలబడి చూసిన ఇంజనీరు దగ్గర జవాబు లేదు. గ్రూపులో మాట మార్చింది అందుకే.

హెన్రీ గొడార్డ్ బ్లూ బోర్‌ను ఆపలేకపోయాడు. ఆపాలనుకున్నాడో లేదో కూడా అనవసరం. పోయేదాన్ని పోయేలోగా కొలిచి పెట్టాడు. ఆ పని చేయడానికి రాజో కథో అక్కర్లేదు, ఒక టేపూ కాస్త ఓపికా చాలు. అవి రెండూ ఆ ఆదివారం నా దగ్గరే ఉన్నాయి.

ఇప్పుడైనా చేయగలిగింది కొంత ఉంది. స్వర్ణోత్సవానికి వచ్చే అందరికీ నాదొక విన్నపం. మీ ఇళ్లలో పాత గ్రూపు ఫోటోలు ఉంటాయి. ఆగస్టు పదిహేను పరేడ్‌వి, పదో తరగతి వీడ్కోలు సభవి, మాస్టార్ల పదవీ విరమణవి. మనుషుల వెనక సత్రం కనిపిస్తే చాలు, అది నాకు పంపండి. మనిషి ఎత్తు తెలిస్తే పక్కనున్న స్తంభం ఎత్తు లెక్క కట్టవచ్చు. ఇటుక వరసలు కనిపిస్తే గోడ పొడవు వస్తుంది. తొలి బ్యాచ్‌ల వాళ్లు, అప్పటి మాస్టార్లు దయచేసి ఏ తరగతి ఏ పక్క జరిగేదో, గంటగా కొట్టిన రైలుపట్టా ముక్క ఎక్కడ వేలాడేదో, నూతికి ఎన్ని అడుగుల దూరంలో వంటిల్లు ఉండేదో ఒక కాగితం మీద గీసి ఇవ్వండి. గీత వంకరైనా ఫర్వాలేదు. స్తంభాల సంఖ్యలో మీమధ్య తేడా వస్తే ఇంకా మంచిది, ఫోటోలతో సరిచూస్తాను.

అన్నీ కలిపి సత్రం నక్షా గీసి స్కూలుకు ఇస్తాను. దూలం మందం అందులో రాదు. ఆ గడి ఖాళీగా వదిలి, పక్కన "కొలవలేదు" అని రాసి, కింద నా సంతకం పెడతాను.

— 1986-87 పదవ తరగతి బ్యాచ్ విద్యార్థి